ఎమిలీ స్కారట్: పదిహేడేళ్లు, 754 పాయింట్లు, చూపించడానికి ఒక్క మ్యాచ్ ఎంచుకోవాలంటే ఏది?

గట్టుమీద

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండ్ మహిళల రగ్బీ జట్టుకు పదిహేడేళ్లపాటు ఆడిన ఎమిలీ స్కారట్ 2025 అక్టోబరులో ఆటకు వీడ్కోలు పలికారు. 119 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 754 పాయింట్లు, ఐదు ప్రపంచ కప్‌లు, వాటిలో రెండు విజయాలు అంటూ నేను చదివిన వార్తలన్నీ ఈ లెక్క చెప్పి ఊరుకున్నాయి. ఇంగ్లండ్ మహిళల జట్టు తరఫున ఇన్ని పాయింట్లు ఇంకెవరూ చేయలేదన్న మాట నిజమే గాని, అది చదివినంత మాత్రాన ఆమె ఆట ఎలా ఉండేదో ఎవరికీ బోధపడదు.

1990లో లెస్టర్‌లో పుట్టిన ఆమె ఐదేళ్ల వయసులో లెస్టర్ ఫారెస్ట్ క్లబ్బులో రగ్బీ మొదలుపెట్టారు. పదహారేళ్లప్పుడు అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడుతూ చదువుకునే ఉపకారవేతనం చేతికి అందినా కాదనుకున్నారు. 2008లో అమెరికా జట్టు మీదే ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్ ఆడి, మొదటి పన్నెండు మ్యాచ్‌లలో పన్నెండు ట్రైలు (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడమే ట్రై) చేశారు. అక్కడి నుంచి 2025 దాకా ఆమె కథ నడిచింది.

నా ప్రశ్న ఇది. రగ్బీ ముఖం ఎన్నడూ చూడనివారు ఎవరైనా వచ్చి, ఈమె గురించి ఎందుకింత చెప్పుకుంటున్నారని అడిగితే, ఒకే ఒక్క మ్యాచ్ చూపించే వీలుంటే మీరు ఏది చూపిస్తారు? ఆలోచించకుండా చెప్పమంటే నేను 2014 ప్రపంచ కప్ ఫైనల్ అంటాను. ఆలోచించి చెప్పేవారి మాట వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పాత స్కోరు పుస్తకం

గట్టుమీద గారూ, మీ ఎంపికకు నా ఓటు వేస్తూ, ఆ మ్యాచ్ విలువ తెలియాలంటే దాని వెనుక ఉన్న ఇరవై ఏళ్లు కూడా తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండ్ 1994లో ఎడిన్‌బరోలో అమెరికాను ఓడించి ప్రపంచ కప్ గెలిచింది. ఆ తరువాత 2002లో, 2006లో, 2010లో వరుసగా మూడు ఫైనళ్లకు చేరి, మూడింటిలోనూ న్యూజిలాండ్ చేతిలోనే ఓడింది. 2010 ఫైనల్ లండన్‌లో, సొంత ప్రేక్షకుల మధ్య జరిగింది, స్కోరు 13-10. స్కారట్‌కు అదే తొలి ప్రపంచ కప్. ఇరవై ఏళ్ల అమ్మాయి మొదటి ఫైనల్‌ను సొంతగడ్డ మీద మూడు పాయింట్లతో పోగొట్టుకోవడం ఎలాంటిదో ఊహించండి.

2014లో ఫ్రాన్స్‌లో జరిగిన పోటీలో న్యూజిలాండ్‌ను ఐర్లాండ్ 17-14తో ఓడించి సెమీస్‌కు రాకుండా చేసింది. దారి సుగమమైందని అందరూ అనుకున్నారు గాని, ఇంగ్లండ్ గ్రూపు దశలో కెనడాతో 13-13 వద్ద సమంగా ముగించింది. మళ్లీ అదే కెనడా ఫైనల్లో ఎదురైంది. పారిస్‌లోని జాన్ బువాన్ మైదానంలో రెండో సగంలో కెనడా పెనాల్టీ గోల్‌లతో (ఎదుటి జట్టు తప్పు చేసినప్పుడు బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్ని తెచ్చుకునే మూడేసి పాయింట్లతో) ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ 11-9 దాకా వచ్చేసింది. రెండు పాయింట్ల తేడా అంటే ఒక్క పెనాల్టీ చాలు. అక్కడ స్కారట్ ముందు ఒక పెనాల్టీ గోల్ కొట్టారు. ఆట చివరి నిమిషాలలో తానే రక్షణ వరుసను చీల్చుకుని వెళ్లి ట్రై చేసి, దాని కన్వర్షన్ (ట్రై తరువాత గోల్‌పోస్టుల మధ్యకు బంతిని తన్నే అవకాశం) కూడా తానే కొట్టారు. చివరి స్కోరు 21-9.

ఇంగ్లండ్ చేసిన 21లో 16 ఆమెవి: ఒక ట్రైకి అయిదు, ఒక కన్వర్షన్‌కు రెండు, మూడు పెనాల్టీలకు తొమ్మిది. మిగతా అయిదూ డేనియల్ వాటర్‌మన్ చేసిన ట్రై. ఆ పోటీ మొత్తంలో 70 పాయింట్లతో అందరికంటే ముందు నిలిచినదీ స్కారటే. ఇన్నేళ్లుగా స్కోరు పట్టికలు రాసుకుంటున్నాను, ప్రపంచ కప్ ఫైనల్ చివరి పది పాయింట్లూ ఒక్కరి పేరు మీదే రాసుకోవలసి రావడం నాకు అదొక్కసారే జరిగింది.

పదమూడో నంబరు

పెద్దలిద్దరి మాటనూ గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను క్లబ్బు స్థాయిలో కొన్నేళ్లు అవుట్‌సైడ్ సెంటర్‌గా, అంటే మైదానం అంచున ఆడే వింగర్‌కు లోపలి పక్కన, పదమూడో నంబరు చొక్కాతో ఆడాను. నా సభ్యనామం అక్కడి నుంచే వచ్చింది. స్కారట్ ఎక్కువగా ఆడిన స్థానం కూడా అదే. పాయింట్లు లెక్కపెట్టే కొద్దీ ఆ స్థానంలో ఆమె చేసిన పని కనుమరుగవుతుందని నా బాధ.

పదమూడో నంబరు క్రీడాకారిణి ప్రత్యర్థి చేతిలో బంతి ఉన్నప్పుడు ఏమి చేస్తుందో చెబుతాను. స్క్రమ్ అనే తోపులాట దగ్గర ఇరువైపులా ఎనిమిది మంది చొప్పున ఒకచోటే పెనుగులాడుతుంటారు కాబట్టి మిగతా మైదానమంతా ఖాళీగా ఉంటుంది. బంతి అటువైపు నుంచి చేతులు మారుతూ వస్తుంది. మీ ఎదుట ఒకామె పరుగెత్తుకొస్తోంది, ఆమెకు ఆవల మైదానం అంచున, అంటే వింగ్‌లో మరొకామె, వారి వెనుక నుంచి, అందరికంటే వెనుక ఆడే ఫుల్‌బ్యాక్ కూడా ఎప్పుడు చొరబడుతుందో తెలియదు. మీకు ఉన్న వ్యవధి ఒక రెప్పపాటు. ముందుకు దూకి ట్యాకిల్ చేయాలా, అంటే పట్టి పడగొట్టాలా, లేక పక్కకు జరుగుతూ వారిని మైదానం పక్క గీత వైపు నెట్టుకుపోవాలా? అరడుగు తొందరపడి లోపలికి అడుగు వేస్తే బంతి మీ వీపు వెనుక నుంచి వెళ్లిపోతుంది. అరడుగు ఆలస్యమైతే ఎదుటి మనిషి మీ భుజం పక్క నుంచి దూసుకుపోతుంది. తప్పు జరిగితే స్టేడియం మొత్తానికి కనిపిస్తుంది, సరిగ్గా చేస్తే ఎవరూ గమనించరు, ఎందుకంటే ఏమీ జరగదు. స్కారట్ ఆడినంత కాలం ఆ వైపున ఏమీ జరగకపోవడమే ఆమె చేసిన పని.

బంతి తన చేతిలో ఉన్నప్పుడు ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని పరుగెత్తేవారు. ఇది చిన్న విషయంలా తోస్తుంది గాని, బంతి రెండు చేతులలో ఉన్నంతసేపూ ఆమె పాస్ ఇస్తారో, తానే వెళ్తారో, కాలితో కొడతారో ఎదురుగా ఉన్నవారికి తెలియదు. వారు ఆగి ఆలోచించే ఆ ఒక్క క్షణంలోనే పక్కనున్న వింగర్‌కు దారి దొరుకుతుంది. ఆ ట్రై వింగర్ ఖాతాలో పడుతుంది.

కాబట్టి నా ఎంపిక 2022 అక్టోబరులో న్యూజిలాండ్‌లోని వాంగరేలో ఫ్రాన్స్ మీద ఆడిన గ్రూపు మ్యాచ్. ఇంగ్లండ్ 13-7తో గెలిచింది. ఆ పదమూడు పాయింట్లూ ఆమెవే కనుక స్కోరు పుస్తకం గారికీ అభ్యంతరం ఉండదు. అయితే నేను దాన్ని ఎంచుకున్నది ఫ్రాన్స్‌ను ఏడు దగ్గరే ఆపిన రక్షణ కోసం.

కొత్తగా చూస్తున్నాను

నేను ఈ ఆటను ఈ మధ్యే చూడడం మొదలుపెట్టాను, అందుకే అడగడానికి మొహమాటపడడం లేదు. ట్రై చేసినవారు ఒకరు, కన్వర్షన్ కొట్టేవారు మరొకరు అయినప్పుడు, కొట్టేవారికి పాయింట్లు ఊరికే వచ్చి పడుతున్నట్టు కాదా? నిలకడగా ఉన్న బంతిని, అడ్డు ఎవరూ లేకుండా తన్నడం అంత కష్టమా? 754లో అలా వచ్చినవి ఎన్నో ఉంటాయి గదా.

టీ మీద బంతి

మంచి ప్రశ్న వేశారు. దీనికి సమాధానం లేకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

గోల్‌పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు, అడ్డకర్ర నేల నుంచి 3 మీటర్ల ఎత్తు. ఎదురుగా నిలబడి చూస్తే ఆ సందు విశాలంగానే కనిపిస్తుంది. అయితే ట్రై ఎక్కడ చేశారో, కన్వర్షన్ దానికి సూటిగా వెనక్కి గీసిన గీత మీద నుంచే కొట్టాలి. మైదానం మూలలో ట్రై చేస్తే కన్వర్షన్ కొట్టే మనిషి కూడా ఆ పక్క గీత దగ్గరకే వెళ్లాలి. అక్కడి నుంచి చూస్తే ఒక కర్ర రెండో కర్రను దాదాపు మూసేస్తుంది. పైగా కొట్టే మనిషి బంతి వైపు కదలగానే ప్రత్యర్థులు తమ గీత దాటి మీదికి పరుగెత్తుకు రావచ్చు. పెనాల్టీ గోల్‌కు మాత్రం వారు చేతులు పక్కన పెట్టుకుని కదలకుండా నిలబడాలి, ప్రేక్షకులకు అలాంటి నిబంధన ఏదీ లేదు.

ఇంకా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ పని చేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని బయటి నుంచి తీసుకురారు. ఇప్పుడే నలభై మీటర్లు పరుగెత్తి, కిందపడి, లేచి, ఇంకొకరిని పడగొట్టిన మనిషే ప్లాస్టిక్ టీ (బంతిని నిలబెట్టే చిన్న పీట) మీద బంతిని నిలబెట్టాలి. ఆ కోలగా ఉన్న బంతి బరువు అరకిలో కంటే కాస్త తక్కువ. వెనక్కి నాలుగైదు అడుగులు, పక్కకు రెండు అడుగులు వేసి, ఊపిరి కుదిరేదాకా ఆగి, పాదం పైభాగంలోని గట్టి ఎముక బంతి పొట్టకు సరిగ్గా కింద తగిలేలా కొట్టాలి. ఆనించిన కాలు వేలెడంత పక్కకు పడితే బంతి ముప్పై మీటర్ల అవతల కర్ర పక్క నుంచి పోతుంది. మామూలుగా ఈ బాధ్యత జట్టు ఆటను నడిపించే ఫ్లై హాఫ్‌కు అప్పగిస్తారు, ఎందుకంటే ఢీకొట్టే పని వారికి కొంత తక్కువ. సెంటర్‌గా ఆడుతూ పదేళ్లకు పైగా ఈ భారం కూడా మోయడం తేలికైన సంగతి కాదు.

పాత స్కోరు పుస్తకం

ఇక్కడ జీతం సంగతి కూడా చెప్పుకోవాలి. స్కారట్ జట్టులోకి వచ్చిన నాటికి ఇంగ్లండ్ తరఫున ఆడే మహిళలకు అది ఉద్యోగం కాదు. ఆమె వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేస్తూ ఆడారు. 2014లో కప్పు గెలిచాక కొందరికి వృత్తిపరమైన ఒప్పందాలు ఇచ్చారు గాని, వాటిని ముందుగా సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ) కోసం ఇచ్చారు, ఎందుకంటే 2016లో రియో ఒలింపిక్స్‌లోకి మహిళల రగ్బీ మొదటిసారి ఆ రూపంలోనే వచ్చింది. అక్కడ బ్రిటన్ జట్టుకు స్కారటే కెప్టెన్. సెమీస్‌లో న్యూజిలాండ్ చేతిలో, ఆ తరువాత కాంస్యం కోసం కెనడాతో ఆడి 33-10తో ఓడి, నాలుగో స్థానంతో వెనుదిరిగారు.

2017లో జరిగిన దాన్ని నేను ఇప్పటికీ సమర్థించలేను. ప్రపంచ కప్‌కు కొద్ది నెలల ముందు, పదిహేను మంది ఆటకు ఇచ్చిన ఒప్పందాలను కప్పు ముగిశాక కొనసాగించబోమని ఇంగ్లండ్ రగ్బీ సంఘం నిర్ణయించినట్టు బయటికి వచ్చింది. ప్రపంచ విజేతలు తమ కిరీటాన్ని నిలబెట్టుకోవడానికి వెళ్తూ, తిరిగి వచ్చాక బతుకుతెరువు ఏమిటని ఆలోచించుకోవలసి వచ్చింది. ఆ ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన ఫైనల్లో సగం ఆటకు 17-10తో ముందున్న ఇంగ్లండ్ చివరకు 41-32తో న్యూజిలాండ్ చేతిలో ఓడింది. ఓటమికి ఒప్పందాలే కారణమని నేను అనడం లేదు, ఆ రోజు న్యూజిలాండ్ అద్భుతంగా ఆడింది. 2019 జనవరిలో మాత్రం అదే సంఘం 28 మందికి పూర్తికాల ఒప్పందాలు ఇచ్చింది. ఆ ఏడాదే స్కారట్ ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. రోజంతా శిక్షణకే కేటాయించగలిగితే ఆమె ఎలా ఆడగలరో చూడడానికి మనం పదకొండేళ్లు ఆగవలసి వచ్చిందని నాకు అనిపిస్తుంది.

తూకం

ఇంతవరకు అందరూ ఒకే వైపు మాట్లాడారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఆమె గొప్పదనాన్ని తగ్గించాలని కాదు, లెక్క సరిగ్గా ఉండాలని.

ఒకటి, ఇంగ్లండ్ జట్టు చాలా ఏళ్లుగా ఐరోపాలో మిగతా జట్లకంటే ఎంతో బలమైనది. ఆరు దేశాల పోటీలో యాభై, అరవై పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లు తక్కువేమీ కావు. అలాంటి జట్టుకు గోల్ కొట్టే మనిషికి కన్వర్షన్లు వరదలా వస్తాయి. రెండు, ప్రపంచ కప్ వేదిక మీద ఒక్క మనిషి ప్రభావం కొలవాలంటే న్యూజిలాండ్‌కు చెందిన పోర్షియా వుడ్‌మన్-విక్లిఫ్‌ను పక్కన పెట్టలేం. 2017 పోటీలో పదమూడు ట్రైలు, అందులో ఎనిమిది ఒక్క మ్యాచ్‌లోనే. ఆ మ్యాచ్ హాంకాంగ్ మీద కనుక నేను ఇందాక అన్న అభ్యంతరం ఆమెకూ వర్తిస్తుందని ఒప్పుకుంటాను. మూడు, స్కారట్ మైదానంలో దిగిన నాలుగు ఫైనళ్లలో మూడింటిలో ఇంగ్లండ్ ఓడింది. దీన్ని దాటవేసి ఆమె గురించి రాస్తే అది సగం కథే అవుతుంది.

పదమూడో నంబరు

తూకం గారూ, మీ మూడో మాట నాకు చాలా విలువైనదిగా తోస్తోంది, దాన్ని దాటవేయను. ఆ మూడింటిలో నన్ను ఇంకా వదలనిది 2022 నవంబరులో ఈడెన్ పార్క్‌లో జరిగిన ఫైనల్. ఇంగ్లండ్ వరుసగా ముప్పై మ్యాచ్‌లు గెలిచి అక్కడికి వచ్చింది. మొదటి సగంలోనే లిడియా థాంప్సన్‌కు రెడ్ కార్డు పడింది. ప్రమాదకరమైన ఆ ట్యాకిల్‌లో గాయపడినది మీరు చెప్పిన వుడ్‌మన్-విక్లిఫే. దాదాపు గంటసేపు ఇంగ్లండ్ పద్నాలుగు మందితో ఆడింది. వింగ్‌లో ఒక మనిషి లేకపోతే ఆ ఖాళీ భారమంతా పక్కనున్న సెంటర్ మీద పడుతుంది. ఇందాక నేను వర్ణించిన ఆ రెప్పపాటు నిర్ణయాన్ని, ఒక మనిషి తక్కువగా, ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే జట్టు ఎదుట, గంటసేపు తీసుకుంటూ ఉండాలి. అయినా చివరి నిమిషంలో ఇంగ్లండ్ ప్రత్యర్థి గీతకు అయిదు మీటర్ల దూరంలో లైనౌట్ (పక్క గీత బయటి నుంచి రెండు వరుసల మధ్యకు బంతి విసిరే అవకాశం) దక్కించుకుంది. ఆ బంతిని న్యూజిలాండ్ గాలిలోనే తన్నుకుపోయింది. 34-31.

టీ మీద బంతి

ఆ స్కోరును విడదీసి చూడండి. ఇంగ్లండ్ ఐదు ట్రైలు చేసి మూడింటికి కన్వర్షన్లు సాధించింది: ఇరవై అయిదు, ఆరు, మొత్తం ముప్పై ఒకటి. న్యూజిలాండ్ ఆరు ట్రైలు చేసి రెండింటికే సాధించింది: ముప్పై, నాలుగు. ఇంగ్లండ్ రెండు కన్వర్షన్లు పోగొట్టుకుని మూడు పాయింట్లతో ఓడింది. ఇది స్కారట్‌కు మనకంటే బాగా తెలిసి ఉంటుంది. గోల్ కొట్టేవారికి పాయింట్లు ఊరికే వస్తాయా అని కొత్తగా చూస్తున్నాను గారు అడిగారు గదా, దానికి సమాధానం 754లో కాదు, ఈ రెండింటిలో ఉంది. దగ్గరలో చేసిన ట్రైకి వచ్చే రెండు పాయింట్లను ఎవరూ గుర్తు పెట్టుకోరు. రాని రెండు పాయింట్లు మాత్రం కొట్టిన మనిషితోనే ఇంటికి వెళ్తాయి.

వెన్నుపూస

నేను ఫిజియోథెరపీ రంగంలో ఉన్నాను కాబట్టి ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెబుతాను. 2021 సెప్టెంబరులో ఆమె కాలు విరిగింది. అంటే మనం ఇంతసేపు మాట్లాడుకున్న 2022 ప్రపంచ కప్, విరిగిన కాలు అతికి ఏడాది తిరిగేసరికి ఆడినది. 2023లో మెడలోని డిస్క్ సమస్యకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. ముప్పై మూడేళ్ల వయసులో, రెండు ప్రపంచ కప్‌ల మధ్య, మెడ మీద కత్తి పడిన మనిషి ట్యాకిల్ చేయడానికి తిరిగి రావడమంటే అది కండబలానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. మా దగ్గరికి వచ్చేవారిలో మెడ గాయం తరువాత అందరూ ఎదుర్కొనే మొదటి ఇబ్బంది నొప్పి కాదు; ఢీకొట్టే క్షణానికి ముందు తల తనంతట తానే పక్కకు తిరిగిపోవడం. శరీరం తనను తాను కాపాడుకుంటుంది. ఆ అలవాటును మాన్పించడానికి మొదట మెత్తటి సంచీని, తరువాత నడిచివచ్చే మనిషిని, చివరకు పరుగెత్తివచ్చే మనిషిని ఎదుర్కొనేలా నెలల తరబడి సాధన చేయించాలి. ఆమె అదంతా దాటుకుని 2024లో మళ్లీ ఇంగ్లండ్ చొక్కా వేసుకున్నారు. తూకం గారి లెక్కలో దీనికి ఏ గడి ఉందో నాకు తెలియదు గాని, ఒక గడి ఉండాలి.

పడమటి స్టాండు

నేను 2025 సెప్టెంబరు 27న ట్వికెన్‌హమ్‌లో ఉన్నాను. ఇంగ్లండ్ కెనడాను 33-13తో ఓడించిన ప్రపంచ కప్ ఫైనల్ అది. ప్రేక్షకుల సంఖ్య 81,885 అని తెర మీద వేశారు. స్కారట్ ఆ రోజు ఆడే ఇరవై ముగ్గురిలో లేరు. ఆ పోటీలో సండర్‌లాండ్‌లో అమెరికాతో జరిగిన తొలి మ్యాచ్‌లో బెంచ్ మీద నుంచి వచ్చి, ఐదు ప్రపంచ కప్‌లు ఆడిన తొలి ఇంగ్లండ్ క్రీడాకారిణి అయ్యారు. ఆమె మొదటి మ్యాచ్ కూడా అమెరికా మీదే కావడం నాకు తరువాత గుర్తుకొచ్చింది.

ఆమె అభిమానిగా నేను ఆ రోజు కొంత దిగులుతోనే వెళ్లాను. మొదటి సగం అయ్యేసరికి దిగులు పోయింది. ఇంగ్లండ్ సెంటర్లు బంతిని రెండు చేతులతో పట్టుకుని, ఎదుటివారు ఆగేదాకా ఆగి వదలడం చూశాను. ఇందాక పదమూడో నంబరు గారు రాసినది చదివాకే ఆ రోజు నేను చూసినదేమిటో నాకు పూర్తిగా అర్థమైంది. ఆమె ఇప్పుడు లఫ్‌బరో లైట్‌నింగ్ జట్టుకు సహాయ శిక్షకురాలు. 2010లో పదమూడు వేల మంది ముందు ఓడిన అమ్మాయి, దానికి ఆరు రెట్లకు పైగా జనం ఉన్న స్టేడియంలో పతకం అందుకుంది. ఆడలేదన్న మాట నాకు అప్పుడు పెద్దదిగా తోచలేదు.

తూకం

వెన్నుపూస గారి గడిని ఒప్పుకుంటున్నాను. పెద్ద తేడాతో గెలిచిన మ్యాచ్‌లన్నీ తీసేసి, ఆట చివరిదాకా ఎవరిదో తేలని మ్యాచ్‌లను మాత్రమే చూస్తే ఆమె స్థాయి తగ్గకపోగా పెరుగుతోంది. నేను అనుకున్న దానికి ఇది విరుద్ధం. వుడ్‌మన్-విక్లిఫ్ మీద నా అభిమానం మాత్రం అలాగే ఉంది.

కొత్తగా చూస్తున్నాను

నిన్న రాత్రి వాంగరే మ్యాచ్ మొత్తం చూశాను. మొదటిసారి బంతి వెంటే చూసి, 13-7 అంటే ఆరు పాయింట్ల తేడా, పరవాలేదనుకున్నాను. తరువాత లెక్క తట్టింది: ఒక ట్రై, దానికి కన్వర్షన్ కలిస్తే ఏడు, ఫ్రాన్స్ ఒక్కసారి గీత దాటితే ఓటమే. అది తెలిశాక రెండోసారి, బంతిని వదిలేసి ఆమెను మాత్రమే చూశాను. చాలాసేపు ఆమె చేతికి బంతి రానేలేదు. ఎడమ చెయ్యి చాచి పక్కనున్న వింగర్‌ను వెనక్కి పంపుతూ, ఏదో అరుస్తూ, రెండు అడుగులు ముందుకు వేసి మళ్లీ ఆగుతూ కనిపించారు. ఫ్రాన్స్ బంతి అటు రాబోయి, మనసు మార్చుకుని, లోపలికే తిరిగి వెళ్లిపోయింది. పదమూడో నంబరు గారూ, మీరు రాసిన "ఏమీ జరగకపోవడం" ఇదేనా?

పదమూడో నంబరు

అదే. ఇప్పుడు 2014 ఫైనల్ చూడండి.